నలభై ఐదు దాటిన ఐటీ ఉద్యోగి: హెచ్‌ఆర్ పిలుపు రాకముందే చేసుకోవాల్సిన పనులు

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. వాళ్లలో ఎక్కువ మంది మధ్య, పై స్థాయిల వాళ్లే. ఆ ఏడాది జూన్‌లోనే అక్కడ ఏడాదికి 225 రోజులు బిల్లింగ్‌లో (క్లయింట్ డబ్బు చెల్లించే పనిలో) ఉండాలని, బెంచ్ మీద (ఏ ప్రాజెక్టూ లేకుండా) 35 రోజులు దాటకూడదని నియమం పెట్టారు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లు అప్పటి నుంచి బెంచ్ రోజులు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నారు.

దీనికి ఏఐ ఒక్కటే కారణం అనుకుంటే మీ జాగ్రత్త దారి తప్పుతుంది. సర్వీస్ కంపెనీ లెక్క పిరమిడ్ మీద నడుస్తుంది. కింద తక్కువ జీతాల వాళ్లు చాలామంది, పైన ఎక్కువ జీతాల వాళ్లు కొద్దిమంది ఉండాలి. క్లయింట్ ఇచ్చే రేటు ఏళ్ల తరబడి పెద్దగా కదలదు, మీ జీతం మాత్రం ఏటా ఎంతో కొంత పెరుగుతుంది. ఒక దశలో మీ సీటీసీకీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చుకూ) మీ బిల్లింగ్ రేటుకూ మధ్య మిగులు కరిగిపోతుంది. మీరు పని బాగా చేస్తున్నారా లేదా అన్న ప్రశ్నకు ఆ ఎక్సెల్ షీట్‌లో గడి ఉండదు. కాబట్టి మంచి రేటింగ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి, పిలుపొస్తే మీ తెలివే తక్కువైందని కుంగిపోకండి.

కింద చెప్పే పనులు చాలావరకు ఉద్యోగంలో ఉండగా గంటలో అవుతాయి. ఐడీ కార్డు ఇచ్చేశాక అవే పనులకు నెలలు పడతాయి. అందుకే వరస ముఖ్యం.

ఈ శని, ఆదివారాల్లో: కాగితాలు, ఫోన్ నంబరు

మొదట మీ సొంత ఈమెయిల్‌కు, సొంత పెన్‌డ్రైవ్‌కు చేరాల్సినవి: ఆఫర్ లెటర్, ప్రతి ఏడాది ఇంక్రిమెంట్ లెటర్, ప్రమోషన్ లెటర్లు, అందుబాటులో ఉన్న పేస్లిప్‌లన్నీ, అన్ని ఏళ్ల ఫారం 16, అప్రైజల్ రేటింగ్ పేజీలు, పాత కంపెనీల రిలీవింగ్ లెటర్లు, గ్రూప్ ఇన్సూరెన్స్ ఈ-కార్డు. విదేశీ వీసా మీద పనిచేసి ఉంటే ఆ అప్రూవల్ నోటీసులు కూడా. పేస్లిప్ పోర్టల్ చాలా కంపెనీల్లో ఆఫీస్ లాగిన్‌తోనే తెరుచుకుంటుంది. చివరి రోజు సాయంత్రం లాగిన్ ఆగిపోతే అదీ పోతుంది.

తీసుకోకూడనివి కూడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. సోర్స్ కోడ్, క్లయింట్ డాక్యుమెంట్, డిజైన్ పీపీటీ, కస్టమర్ డేటా, వీటిలో ఒక్క ఫైలు కూడా వద్దు. బయటికి వెళ్లే మెయిళ్లను, పెన్‌డ్రైవ్‌లను కంపెనీ సాఫ్ట్‌వేర్ గమనిస్తూనే ఉంటుంది. పాత కోడ్ ఒకటి పంపుకున్నందుకు సెటిల్‌మెంట్ మొత్తం ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోవద్దు. మీ సొంత పత్రాలు కూడా కంపెనీ పాలసీ ఒప్పుకునే దారిలోనే దించుకోండి.

తర్వాత ఫోన్. కంపెనీ ఇచ్చిన సిమ్ నంబరే ఆధార్‌కు, బ్యాంకుకు, పీఎఫ్‌కు ఇచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. సిమ్ వెనక్కి ఇచ్చిన మర్నాటి నుంచి ఓటీపీ వేరొకరికి వెళ్తుంది.  ముందు ఆధార్‌లో నంబరు మార్పించుకుని, ఆ తర్వాత బ్యాంకు, యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉండే ఒకే నంబరు), డీమ్యాట్, ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్ వరసగా మార్చండి. కంపెనీ షేర్లు ఉన్న విదేశీ బ్రోకరేజ్ ఖాతా ఆఫీస్ మెయిల్‌తో తెరిచి ఉంటే దాన్నీ సొంత మెయిల్‌కు మార్చాలి. కంపెనీ షేర్లు ఇచ్చినప్పటి గ్రాంట్ పత్రంలో, ఉద్యోగం మానేశాక ఆప్షన్లు (ముందే చెప్పిన ధరకు షేర్లు కొనే హక్కు) వాడుకోవడానికి ఎన్ని రోజులు గడువుందో చదివి రాసిపెట్టుకోండి. ఆ గడువు కంపెనీని బట్టి మారుతుంది, దాటితే ఆ ఆప్షన్లు రద్దవుతాయి.

పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ

యూఏఎన్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరవండి. మీరు పనిచేసిన ప్రతి కంపెనీ కనిపిస్తోందా, చేరిన తేదీ, మానేసిన తేదీ సరిగా ఉన్నాయా చూడండి. 2005లోనో 2008లోనో వదిలేసిన కంపెనీ పీఎఫ్ ఇప్పటికీ పాత ఖాతాలోనే మిగిలిపోయి ఉండటం మామూలే. ఫారం 13తో ఆన్‌లైన్‌లో బదిలీ పెట్టండి. ఆ పాత కంపెనీకి సొంత పీఎఫ్ ట్రస్ట్ ఉంటే డబ్బుతో పాటు అనెగ్జర్ కె అనే లెక్కల పత్రం కూడా రావాలి. అది రాకపోతే డబ్బు చేరినా సర్వీసు చేరదు, పెన్షన్ లెక్కలో ఆ ఏళ్లు కలవవు.

మన తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాన్‌లో చివర, ఆధార్‌లో ఒక్క అక్షరం, పీఎఫ్‌లో అసలు లేదు. ఇలా ఉన్నప్పుడే క్లెయిమ్ తిరస్కరిస్తారు. 2017 అక్టోబర్ 1 తర్వాత వచ్చిన ఆధార్ ధ్రువీకృత యూఏఎన్ అయితే పేరు వివరాలు చాలావరకు మీరే సరిచేసుకోవచ్చు. అంతకుముందుది అయితే యాజమాన్యం ఆమోదం కావాల్సి రావచ్చు. ఆ ఆమోదం నొక్కే మనిషి మీరు ఉద్యోగంలో ఉండగా పక్క ఫ్లోర్‌లో ఉంటాడు, మానేశాక మెయిల్‌కు జవాబే రాదు.

పెన్షన్ సంగతి. ఈపీఎస్‌లో (పీఎఫ్‌తో పాటే ఉండే పెన్షన్ పథకంలో) 10 ఏళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు నెలవారీ పెన్షన్‌కు అర్హత వస్తుంది. 50 నుంచే తీసుకోవచ్చు గానీ ముందు తీసుకున్న ప్రతి ఏడాదికి 4 శాతం కోత. లెక్క ఇది: పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. జీతం ఎంతైనా చాలామందికి పరిమితి 15,000 రూపాయలే, 2014 సెప్టెంబర్‌కు ముందు సర్వీసుకు 6,500. 20 ఏళ్ల సర్వీసు నిండితే 2 ఏళ్లు అదనంగా కలుపుతారు. ఇరవై ఏళ్ల సర్వీసుకు వచ్చేది నెలకు నాలుగైదు వేలకు మించదు, దాని మీద ఆశలు పెట్టుకోవద్దు. అయినా జీవితాంతం వచ్చే డబ్బు, మీ తర్వాత జీవిత భాగస్వామికి కొంత వచ్చే డబ్బు. దాన్ని పాడుచేసుకోవద్దు.

ఉద్యోగం పోగానే పీఎఫ్ మొత్తం తీసేయాలనిపిస్తుంది. వీలైనంతవరకు ఆగండి. చందా పడకపోయినా 58 ఏళ్లు వచ్చేదాకా ఖాతాకు వడ్డీ పడుతూనే ఉంటుంది. కాకపోతే ఉద్యోగం మానేశాక పడిన వడ్డీకి పన్ను కట్టాలి, రిటర్న్‌లో చూపించాలి.

గ్రాట్యుటీకి సాధారణంగా ఒకే కంపెనీలో 5 ఏళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. చివరి బేసిక్, డీఏ కలిపి 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కింద లెక్క. బేసిక్ 60,000, సర్వీసు 14 ఏళ్ల 8 నెలలు అనుకుంటే 15 ఏళ్లుగా తీసుకుని 5,19,231 రూపాయలు వస్తుంది. 20 లక్షల వరకు పన్ను లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో (లేబర్ కోడ్‌లలో) వేతనం నిర్వచనం మారింది. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ దాటిన భాగాన్ని కూడా వేతనంలో కలపాలి. కాబట్టి బేసిక్ బాగా తక్కువ పెట్టిన జీతాలకు గ్రాట్యుటీ పెరిగే అవకాశం ఉంది. ఇప్పుడే పాత బేసిక్ ప్రకారం ఒకటి, కొత్త వేతనం ప్రకారం ఒకటి, ఈ రెండు గ్రాట్యుటీ లెక్కలూ కాగితం మీద వేసి ఉంచుకోండి. సెటిల్‌మెంట్ షీట్ వచ్చిన రోజు పోల్చుకోవడానికి అదే మీ కొలమానం.

ఆరోగ్య బీమా: గడియారం ఇవాళే మొదలు కావాలి

ఆఫీస్ ఇచ్చే గ్రూప్ కవర్ సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. నలభై ఐదు దాటినవాళ్లలో బీపీ, షుగర్, థైరాయిడ్ ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు సొంత పాలసీలో గరిష్ఠంగా 36 నెలల వెయిటింగ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు. ఉద్యోగం పోయాక పాలసీ కొంటే ఆ మూడేళ్లు ఆదాయం లేని రోజుల్లో నడుస్తాయి. ఇవాళ కొంటే ఆఫీస్ కవర్ ఉండగానే గడిచిపోతాయి. ఈ ఒక్క కారణంతోనే, ఆఫీస్ కవర్ ఎంత పెద్దదైనా, సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి.

10 లక్షల బేస్ పాలసీ, దాని మీద 10 లక్షల డిడక్టబుల్‌తో సూపర్ టాపప్ (ఆసుపత్రి ఖర్చు 10 లక్షలు దాటాకే చెల్లించే అదనపు పాలసీ) తీసుకుంటే పెద్ద బేస్ పాలసీ కన్నా చవకగా పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు. ప్రపోజల్ ఫారంలో బీపీ మాత్ర వేసుకుంటున్నారంటే వేసుకుంటున్నామనే రాయండి. దాచితే 5 ఏళ్లలోపు క్లెయిమ్‌ను ఆ కారణంతో తిరస్కరించే వీలు కంపెనీకి ఉంటుంది. ఏజెంట్ ‘అది రాయక్కర్లేదు సార్’ అన్నా వినకండి.

సొంత పాలసీ తీసుకునేలోపే పిలుపు వచ్చేస్తే, గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారే దారి ఉంది. అందులో ఇప్పటికే గడిచిన వెయిటింగ్ కాలం కలుస్తుంది. చివరి పనిదినానికి ముందే దరఖాస్తు పెట్టాలి. గ్రూప్ టర్మ్ ఇన్సూరెన్స్ కూడా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత టర్మ్ పాలసీ లేనివాళ్లు దాన్ని కూడా ఇదే నెలలో చూసుకోవాలి.

ఇంటి లెక్క

కాగితం తీసుకుని ఇంట్లో ఇద్దరూ కూర్చోండి. ఉదాహరణకి ఈఎంఐ 65,000, ఇంటి ఖర్చు 45,000, పిల్లల ఫీజు నెలవారీగా 25,000, ఊళ్లో అమ్మానాన్నల మందులు 8,000, బీమాలు 7,000. నెలకు లక్షన్నర, ఏడాదికి 18 లక్షలు. నలభై ఐదు దాటినవాళ్లకి తర్వాతి ఉద్యోగం దొరకడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టొచ్చని పెట్టుకోండి. పాతికేళ్ల కుర్రాడికి మూడు నెలల నిల్వ చాలు, మీకు పన్నెండు నెలలది కావాలి. ఇందులో పొలం, రెండో ఫ్లాటు, పీఎఫ్ కలపొద్దు. వారంలో చేతికొచ్చే డబ్బు మాత్రమే లెక్క.

ఎక్కువ ఇళ్లలో కొండలా కూర్చునేది ఈఎంఐ. నార్సింగి, తెల్లాపూర్, కొల్లూరు వైపు రెండో ఫ్లాటు బుక్ చేసి, ఒకపక్క నిర్మాణంలో ఉన్నదానికి, మరోపక్క ఉంటున్నదానికి కట్టేవాళ్లు ఉన్నారు. అలాంటి పరిస్థితిలో ఉంటే ఒకటి ఉద్యోగం ఉండగానే వదిలించుకోవడం మేలు. అవసరపడి అమ్మేవాడి ముఖం చూసే కొనేవాడు ధర కడతాడు. ఫ్లోటింగ్ రేటు గృహరుణాన్ని ముందే తీర్చినా జరిమానా లేదు కాబట్టి బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కొంత తీర్చండి. హోమ్ లోన్‌ను ఓవర్‌డ్రాఫ్ట్ రకానికి మార్చుకునే వీలు మీ బ్యాంకులో ఉంటే ఇప్పుడే అడగండి. మిగులు డబ్బు అందులో వేస్తే వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. పేస్లిప్ చూపించగలిగినప్పుడే బ్యాంకు ఇలాంటి మార్పులకు ఒప్పుకుంటుంది. ఒకవేళ ఉద్యోగం పోయి ఈఎంఐ కట్టలేమనిపిస్తే, తప్పే నెలకు ముందే బ్రాంచికి వెళ్లి గడువు పెంచమని రాసివ్వండి. ఒకసారి తప్పాక సిబిల్ స్కోరు పడిపోతుంది, ఆ తర్వాత మాట వినేవాళ్లు తగ్గుతారు.

ఇక్కడే ఇంకో మాట. చాలామంది మగవాళ్లు ఈ సంగతి ఇంట్లో చెప్పరు. పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకుని బయల్దేరి, కాఫీ షాపులో కూర్చుని సాయంత్రం తిరిగొస్తారు. అలా మోయగలిగిన బరువు కాదు ఇది. ఖర్చు తగ్గించడం మొదలు ఊళ్లో అన్నయ్యను సాయం అడగడం దాకా, ఇంట్లో తెలిస్తేనే ఏ పనైనా కదులుతుంది.

చేతి పని మళ్లీ మొదలుపెట్టడం

‘నేను మేనేజర్‌ని, కోడ్ రాసి పదేళ్లయింది’ అన్నవాళ్లకే ఇప్పుడు ఎక్కువ కష్టం. స్టేటస్ కాల్స్ నడపడం, ఎక్సెల్ నింపడం అమ్ముకోగలిగిన నైపుణ్యం కాకుండా పోతోంది. అలాగని పాతికేళ్ల కుర్రాళ్లు నేర్చుకునే కోర్సునే నేర్చుకుని వాళ్లతో పోటీ పడటం మీకు నష్టం. మీకున్న పాత పరిజ్ఞానం పక్కనే కొత్తది నిలబెట్టండి. ఎస్‌ఏపీ ఈసీసీ (పెద్ద కంపెనీలు లెక్కలు, సరుకు నడిపే పాత సాఫ్ట్‌వేర్) తెలిసినవాళ్లకు దారి కళ్లముందే ఉంది: ఆ సాఫ్ట్‌వేర్‌కు ప్రధాన మద్దతు 2027 చివరికి ముగుస్తుంది, కంపెనీలు దాని కొత్త రూపమైన ఎస్/4హానాకు మారాల్సిందే. పాత వ్యవస్థలో ఏ కస్టమ్ రిపోర్టు ఎందుకు రాశారో తెలిసిన మనిషి ఆ మార్పులో కావాలి. ఒరాకిల్ డేటాబేస్ భాష పీఎల్/ఎస్‌క్యూఎల్ తెలిసినవాళ్లకు, ఉచిత డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కు మార్చే పని ఉంది. టెస్టింగ్‌లో మాన్యువల్ దగ్గరే ఆగినవాళ్లు ప్లేరైట్ లాంటి టూల్‌తో ఆటోమేషన్ మొదలుపెట్టాలి, ఇంకో దారి లేదు.

మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్లు, కోబాల్ అనే పాత భాష) వాళ్ల కోసం ఒక పని వివరంగా చెబుతాం. మిగతావాళ్లు దీన్ని తమ రంగానికి మార్చుకోవచ్చు. 12 వారాలు, వారానికి 8 గంటలు, 16 జీబీ ర్యామ్ ఉన్న సొంత ల్యాప్‌టాప్ చాలు.

మొదటి రెండు వారాల్లో గ్నూకోబాల్ (కోబాల్‌ను మామూలు కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయండి, అది ఉచితం. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వాళ్లు అందరికీ అందుబాటులో పెట్టిన కార్డ్‌డెమో అనే క్రెడిట్ కార్డు అప్లికేషన్ ఉంది. అందులోని బ్యాచ్ ప్రోగ్రామ్‌లలో ఒక్కటి తీసుకోండి, వడ్డీ లెక్కించేది అయితే మంచిది. సీఐసీఎస్ (మెయిన్‌ఫ్రేమ్‌లో స్క్రీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) స్క్రీన్ల ప్రోగ్రామ్‌లు గ్నూకోబాల్‌లో నేరుగా నడవవు, వాటి జోలికి వెళ్తే మొదటి వారంలోనే విసుగొచ్చి వదిలేస్తారు. ఇండెక్స్‌డ్ ఫైల్ తెరిచేటప్పుడు ఎర్రర్ వస్తే మీ గ్నూకోబాల్ బిల్డ్‌లో బర్క్‌లీ డీబీ మద్దతు లేదేమో చూడండి. మూడో వారం నుంచి ఐదో వారం దాకా కొత్త కోడ్ ఒక్క లైను కూడా రాయకుండా, పాత ప్రోగ్రామ్‌కు ఇన్‌పుట్, అవుట్‌పుట్ జతలు ఓ 30 తయారు చేయండి. సున్నా బాకీ, రుణాత్మక బాకీ, పెద్ద మొత్తం, రేటు లేని ఖాతా అన్నీ ఉండాలి. ఈ జతలే తర్వాత మీకు సాక్ష్యం.

ఆరో వారం నుంచి ఏఐ కోడింగ్ టూల్‌తో దాన్ని జావాకు మార్పించండి. తప్పులు ఎక్కడ వస్తాయో మీకు తెలియాలి. నెలవారీ వడ్డీకి బాకీని రేటుతో హెచ్చించి 1200తో భాగిస్తారు, 12 నెలలు, నూటికి రేటు కాబట్టి. బాకీ 12,345.67, రేటు 18 అయితే జవాబు 185.18505. కోబాల్‌లో కంప్యూట్ లైనులో రౌండెడ్ అన్న మాట లేకపోతే రెండు దశాంశాల తర్వాతది కోసేస్తుంది: 185.18. టూల్ రాసిన జావా కోడ్ మామూలుగా దగ్గరి అంకెకు సవరిస్తుంది: 185.19. ఒక్క పైసా. పది లక్షల ఖాతాల్లో ఇలా ఒక్కో పైసా తేడా వస్తే నెలకు 10 వేల రూపాయలు, దానితోపాటు లెడ్జర్ కుదరక ఆపరేషన్స్ వాళ్లకు రాత్రంతా జాగారం. ఇక్కడ జావాలో దశాంశాలను కచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్ వాడి రౌండింగ్ మోడ్ డౌన్ (కోసేయడం) అని పెట్టాలి. కోబాల్‌లో రౌండెడ్ ఉన్న చోట మాత్రం హాఫ్ అప్ (సగం, ఆపైన ఉంటే పైకి సవరించడం). టూల్ డబుల్ టైపు వాడిందంటే అసలుకే మోసం, అందులో 0.1, 0.2 కూడితే సరిగ్గా 0.3 రాదు. అలాగే కాంప్-3 (అంకెలను కుదించి దాచే కోబాల్ పద్ధతి) ఫీల్డులు: పిక్ ఎస్9(7)వి99 అంటే 9 అంకెలు, గుర్తుతో కలిపి 5 బైట్లు, దశాంశ బిందువు ఫైల్లో ఎక్కడా ఉండదు. దాన్ని మామూలు అక్షరాల్లా చదివితే చెత్త వస్తుంది.

రెండేళ్ల అనుభవం ఉన్న అబ్బాయి టూల్ ఇచ్చింది కంపైల్ అయితే అయిపోయిందనుకుంటాడు. ఆ పైసా ఎందుకు తేలిందో చెప్పగలిగేది మీరు. మీ ఇరవై ఏళ్లకు ఉన్న విలువ ఇదే, దీన్ని ఇంటర్వ్యూలో చూపించగలగాలి. చివరి రెండు మూడు వారాల్లో గిట్‌హబ్‌లో కోడ్, ఆ 30 పరీక్షలు, దొరికిన తేడాల మీద రెండు పేజీల వివరణ పెట్టండి. క్లయింట్ కోడ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సొంత ఏఐ ఖాతాలో అతికించకండి. అది ఉద్యోగం పోగొట్టే తప్పు.

రెజ్యూమె, రెఫరల్

రెండు పేజీలు దాటొద్దు. గత పదేళ్లు వివరంగా, అంతకుముందువి ఒక్కో లైను. ‘25 మంది టీమ్‌ను నడిపాను, డెలివరీ బాధ్యత చూశాను’ అన్న లైను వందల రెజ్యూమెల్లో ఉంటుంది. దాని బదులు ఇలా రాయండి: ‘బ్యాంకు నెలాఖరు బ్యాచ్ 9 గంటలు పట్టేది. పార్టిషన్లు, ఇండెక్సులు మార్చి 3 గంటల 20 నిమిషాలకు తగ్గించాం. డిజైన్ నాది, అమలు చేసింది నలుగురు.’ ఏది పాడైంది, ఏం మార్చారు, అంకె ఎంత కదిలింది, అందులో మీ చెయ్యి ఎంత. ఇలాంటివి ఆరు దొరికేదాకా రోజూ అరగంట పాత ప్రాజెక్టులు గుర్తుచేసుకుంటూ నోట్‌బుక్‌లో రాయండి. ఉద్యోగంలో ఉండగా రాస్తే అంకెలు గుర్తుంటాయి.

నౌకరీలో ప్రొఫైల్ అప్‌డేట్ చేయండి గానీ, ఈ వయసులో పిలుపులు ఎక్కువగా తెలిసినవాళ్ల నుంచే వస్తాయి. పదేళ్ల క్రితం మీ కింద పనిచేసిన పిల్లలు ఇవాళ జీసీసీల్లో (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసుల్లో) ఆర్కిటెక్టులు, డైరెక్టర్లు. వాళ్లను అడగడానికి మొహమాటపడకండి. ‘ఏదైనా ఉంటే చూడు’ అంటే మాత్రం వాళ్లేమీ చేయలేరు. ఇలా రాయండి: ‘కిరణ్, బాగున్నావా? మీ కంపెనీ సైట్‌లో పేమెంట్స్ మైగ్రేషన్ లీడ్ పోస్టు చూశాను, లింకు కింద ఉంది. మన కార్డ్స్ ప్రాజెక్టులో సెటిల్‌మెంట్ ఫైలు మార్చింది నీకు గుర్తుండే ఉంటుంది, ఆ పనికి ఇది దగ్గరగా ఉంది. రెజ్యూమె జత చేశాను. రెఫర్ చేయగలవా? వీలుకాకపోతే మొహమాటం లేకుండా చెప్పు.’ వారానికి ఇలాంటివి ఐదు చాలు, ప్రతిదీ ఒక ఫలానా పోస్టుకే.

ఇంటర్వ్యూలో వయసు గురించి నేరుగా అడగరు. ‘మీకంటే జూనియర్‌కి రిపోర్ట్ చేయడం ఓకేనా?’ అని అడుగుతారు. ఓకే అని ఊరుకోకుండా, మీరు అలా పనిచేసిన ఒక సందర్భం, అందులో ఎవరి నిర్ణయం నెగ్గింది చెప్పండి. జీతం విషయంలో మీ కనీస మొత్తం ఫోన్ రాకముందే ఇంట్లో మాట్లాడి తేల్చుకోండి. ఇంటి లెక్క కాగితం మీదున్న లక్షన్నరే దానికి ఆధారం, పాత సీటీసీ కాదు.

హెచ్‌ఆర్ పిలిచిన రోజు

గది మూసి, ‘ఇవాళే రిజిగ్నేషన్ పెట్టేస్తే రికార్డు క్లీన్‌గా ఉంటుంది’ అంటారు. ఆ గదిలో ఏదీ సంతకం చేయకండి, పోర్టల్‌లో ఏ బటనూ నొక్కకండి. గొంతు పెంచక్కర్లేదు. ‘మేడమ్, మీరు చెప్పినవన్నీ మెయిల్‌లో పంపండి. చదువుకుని, ఇంట్లో మాట్లాడి రెండు రోజుల్లో జవాబిస్తాను’ అంటే చాలు. అదే సాయంత్రం ‘ఇవాళ ఇన్ని గంటలకు మనం మాట్లాడుకున్నది ఇది’ అని మీరే ఒక మెయిల్ పంపండి. రేపు లేబర్ కమిషనర్ కార్యాలయానికి వెళ్లాల్సి వస్తే చూపించడానికి ఇది తప్ప మరోటి ఉండదు.

మెయిల్‌లో అడగాల్సినవి: చివరి పనిదినం, నోటీసు కాలపు జీతం ఇస్తారా, సెవరెన్స్ (తీసేసినందుకు ఇచ్చే పరిహారం) ఎన్ని నెలలు, అది బేసిక్ మీదా మొత్తం జీతం మీదా, మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, వేరియబుల్ పే, జాయినింగ్ లేదా రిటెన్షన్ బోనస్ వెనక్కి అడుగుతారా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, రిలీవింగ్ లెటర్‌లో ఏ మాట రాస్తారు. బేరం ఆడటానికి చోటు ఉండేది సంతకానికి ముందే. డబ్బు పెంచకపోయినా ఇన్సూరెన్స్ మూడు నెలలు పొడిగించమంటే, చివరి తేదీ నెల జరపమంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

రాజీనామా ఇవ్వాలా వద్దా? మన దగ్గర ప్రైవేటు ఉద్యోగంలో వయసు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం లేదు, పైగా మేనేజర్ హోదా ఉన్నవాళ్లకు కార్మిక చట్టాల్లోని తొలగింపు రక్షణలు సాధారణంగా వర్తించవు. సెవరెన్స్ సరిగ్గా ఉండి, రిలీవింగ్ లెటర్ మామూలుగా ఇస్తామని రాసిస్తే రాజీనామా వైపు మొగ్గడంలో తప్పు లేదు. ఏమీ ఇవ్వకుండా రాజీనామా పెట్టమంటే మాత్రం పెట్టకండి. మీ అంతట మీరే వెళ్లిపోయినట్టవుతుంది. వేతన స్మృతి ప్రకారం మానేసినా, తీసేసినా బకాయి వేతనాలు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి 30 రోజులు. సెలవుల నగదుకు ప్రైవేటు ఉద్యోగులకు జీవితకాలం మొత్తం మీద 25 లక్షల వరకు, నిబంధనలకు లోబడి పన్ను మినహాయింపు ఉంది.

పిప్‌లో (పనితీరు మెరుగుపరచుకోమని గడువు పెట్టే ప్లాన్‌లో) పెడితే దాన్ని నోటీసు పీరియడ్ అనుకునే మొదలుపెట్టండి. ప్రతి శుక్రవారం ఆ వారం ఏం చేశారో మేనేజర్‌కు మెయిల్ పెట్టండి, అదే వారం రెఫరల్ మెసేజ్‌లు కూడా పంపుతూ ఉండండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి

హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉద్యోగం పోతే చివరి ఉద్యోగ దినం నుంచి గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (అక్కడ ఉండటానికి ఇచ్చిన అనుమతి) తేదీ, ఏది ముందొస్తే అంతవరకే అక్కడ ఉండొచ్చు. సెవరెన్స్ ఎన్ని నెలలకిచ్చినా ఈ గడువు పెరగదు. ఆమోదమై 180 రోజులు దాటిన ఐ-140ను (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తును) కంపెనీ ఆ తర్వాత వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో మీ తేదీ) మామూలుగా మీకే ఉంటుంది, ఆ నోటీసు కాపీ దగ్గర ఉంచుకోండి. 40 దాటినవాళ్లకి అక్కడ ప్రత్యేక హక్కుంది: వయసు వివక్ష దావా వేయనని సంతకం చేయించుకునే పత్రం ఇస్తే చదువుకోవడానికి 21 రోజులు, ఒకేసారి పలువురిని తీసేస్తున్న సందర్భమైతే 45 రోజులు ఇవ్వాలి. సంతకం చేశాక కూడా 7 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. ‘రేపటికల్లా సంతకం’ అంటే తొందరపడకండి.

బయటికొచ్చాక

మొదటి నెలలో తగిలే ఉచ్చు బ్యాక్‌డోర్ ఉద్యోగం. అమీర్‌పేటలోనో వాట్సాప్‌లోనో ఎవరో మూడు లక్షలు కడితే పెద్ద కంపెనీలో చేరుస్తామంటారు, లేని అనుభవానికి సర్టిఫికెట్ కూడా ఇస్తామంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ యూఏఎన్ సర్వీస్ హిస్టరీ చూస్తారు, పీఎఫ్ పడని కంపెనీ అక్కడే బయటపడుతుంది. డబ్బుతో పాటు ఇరవై ఏళ్ల నిజమైన అనుభవం మీద కూడా మచ్చ పడుతుంది. ఉద్యోగానికి డబ్బు అడిగితే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి.

కాంట్రాక్ట్ పని వస్తే కాదనొద్దు. వెండర్ ద్వారా ఆరు నెలల పని కూడా రెజ్యూమెలో ఖాళీని నింపుతుంది. సొంతంగా బిల్లు వేసి పనిచేస్తే సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ప్రభుత్వం చిన్న సంస్థల నమోదుకు పెట్టిన ఉద్యం పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని చట్టం ఉంది, ఆలస్యమైతే వడ్డీ అడగొచ్చు. ఒప్పందంలో మూడు విషయాలు లేకుండా పని మొదలుపెట్టకండి: ఏ తేదీకి బిల్లు, ఎన్ని రోజుల్లో చెల్లింపు, మధ్యలో ఆపితే ఎన్ని రోజుల నోటీసు. టీడీఎస్ పోను చేతికొచ్చేది లెక్క వేసుకోండి, ఇన్సూరెన్స్, పీఎఫ్, సెలవులు మీరే భరించాలి కాబట్టి పాత నెల జీతాన్నే కాంట్రాక్ట్ రేటుగా ఒప్పుకుంటే నష్టపోతారు. మొదటి బిల్లు డబ్బు ఖాతాలో పడేదాకా రెండో నెల పని గంటలు పెంచకండి.